తగ్గని నొప్పికి కృతజ్ఞత కూడిక

కలకత్తా దగ్గరి రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో దేవమణి నోటికి జడవని మనిషి లేడు. అవసరమైతే అబద్ధాలూ ఆడేది. చక్కెర డబ్బా నిండా ఉన్నా, అరువుకొచ్చిన వాళ్లకు నిండుకుందనేది. కాని చర్చి సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం అబద్ధమాడి ఎరగదు.

తొంభై ఎనిమిదిలో కలకత్తాలో ఆమె గుండెకు స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక నీళ్ల బకెట్టు ఎత్తినా, స్టేషన్ వంతెన ఎక్కినా, రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు మళ్లీ అదే నొప్పి. ఇక్కడి బెంగాలీ డాక్టరు, "గ్యాస్, మాసీమా. స్టెంట్ ఠీక్ హై," అన్నాడు.

భర్త సుందర్ రాజు రైల్లో గార్డు. పచ్చజెండా ఊపితే బండి కదలాలి, డాక్టరు నయమంటే జబ్బు పోవాలి. అంతే ఆయన లెక్క.

"డాక్టరు కంటే నీకే ఎక్కువ తెలుసేటి?" అన్నాడు.

"నొప్పి డాక్టరుకా, నాకా? నన్ను మళ్లీ కలకత్తా తీసుకెల్లండి."

ఆయన తీసుకెళ్లలేదు సరికదా, కృతజ్ఞత కూడిక పెట్టించాడు. జబ్బు నయమైతే సంఘాన్ని ఇంటికి పిలిచి ప్రార్థన చేయించడం, నయమైన మనిషి లేచి సాక్ష్యం చెప్పడం, ఆ పైన భోజనాలు వాళ్ల ఆనవాయితీ. పదిమందిలో తగ్గిందని చెప్పాక ఇక నొప్పి అనడానికి నోరుండదు. ఆ సంగతి మొగుడూపెళ్లాలిద్దరికీ తెలుసు.

ఆ రోజు ఇల్లు నిండింది. పెరట్లో మాంసం ఉడుకుతోంది. పాట అయ్యాక పాస్టరు సత్యవేదంగారు, "అమ్మా, ప్రభువు చేసిన మేలు చెప్పండి," అన్నారు.

దేవమణి కొంగు సర్దుకుని లేచింది. "ప్రభువు నన్ను బతికించినాడు, స్తోత్రం. నొప్పి మాత్రం తగ్గనేదు. తగ్గిందని ఆయన ముందు అబద్ధం సెప్పను."

సుందర్ రాజు మొహం మాడిపోయింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "విశ్వాసంతో తగ్గిందనుకుంటే..." అన్నారు.

"అనుకుంటే తగ్గిపోయేదానికి స్టెంటెందుకేసినారయ్యగారూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మోకాళ్ల నొప్పులు పోయాయని పోయినేడు ఇలాగే సాక్ష్యం చెప్పిన ఎలీసమ్మ, గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక కూర్చునే అంది.

"నాకూ తగ్గనేదు. అందరూ కాసుకుని కూసున్నారని సెప్పేసినాను."

ఎవరూ నవ్వలేదు. ఎలీసమ్మ ఇంట్లో ఆనాడు సుందర్ రాజు కడుపారా తిని వచ్చాడు. ఆమె మోకాళ్ల వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు.

"రేపు పొద్దున్న లోకల్‌కి కలకత్తా ఎల్దాం," అన్నాడు.

మర్నాడు స్టేషన్ వంతెన సగం ఎక్కేసరికి దేవమణి ఆగిపోయింది. కింద బండి కూత వేసింది. ఉద్యోగమంతా ఒక్క బండినీ ఆలస్యం కానివ్వని మనిషి సంచి కింద పెట్టి, ఆమె పక్కనే నిలబడ్డాడు.

"పోతే పోనీ," అన్నాడు. "ఇంకో బండుంది."