మంచం పక్కన పడుకునే పక్షి

చేపల చెరువు కాపలాదారుకి వారంలో ఒక్క పూటే ఇల్లు. ఎలీయాజరుకి ఆ పూట ఆదివారం వచ్చేది. పొద్దున్నే చెరువులో మేత సంచులు కట్టేసి, తన గట్టు కూడా కాస్త చూస్తుండమని పక్క చెరువు ఎలీషాకి చెప్పి, మోటారు సైకిలెక్కి గుండుగొలను వచ్చేవాడు. భార్య జెస్సీతో, కూతురు జాయ్సీతో ప్రార్థనకి వెళ్లి, మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని, పొద్దు వాలేలోపు మళ్లీ కొల్లేరు అంచున తన మకాంకి చేరుకోవాలి. మకాం అంటే ఏ బంగళానో అనుకునేరు. గట్టు మీద ఓ రేకుల గది, అందులో ఓ నులక మంచం, ఓ గ్యాస్ పొయ్యి, మిగతా చోటంతా తవుడు బస్తాలు. చెరువు గలాయన తాడేపల్లిగూడెంలో ఉంటాడు. ఆయన చేపలు మాత్రం ఎలీయాజరు దగ్గరుంటాయి. తెల్లారేసరికి అవి గాలాడక నీటి మీదికి నోళ్లు ఎత్తుతున్నాయేమో చూసేవాడు కావాలి కనక, ఎలీయాజరు ఇంట్లో పడుకోవడానికి వీల్లేదు.

ఆ గట్టు మీద మాట్లాడే దిక్కు లేక, వారం పొడుగునా అతను కూతురి కోసం మొహం వాచిపోయేవాడు. సంచులు కడుతున్నా జాయ్సీయే, అన్నం వండుకుంటున్నా జాయ్సీయే. ఇప్పుడు బడి నుంచి వచ్చి ఉంటుంది, ఇప్పుడు జడ విప్పుకుంటూ ఉంటుంది అని తనలో తనే అనుకునేవాడు. మరి ఇంతగా మొహం వాచిన మనిషి దొరికిన ఆ ఒక్క పూటా ఏం చేసేవాడయ్యా అంటే, అన్నం తిని చెయ్యి కడుక్కోగానే గుమ్మంలో కూర్చుని, “ఏదీ తల్లీ, అప్పజెప్పు” అనేవాడు.

జాయ్సీ చేతులు కట్టుకుని నిలబడేది. ఎక్కాలు, తెలుగు వాచకంలో పాఠం, ఇంగ్లీషు రైము, సండేస్కూలు కంఠత వాక్యం, అన్నీ గడగడా అప్పజెప్పేది. అతను కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడైనా తడబడితే, “మళ్లీ మొదట్నించీ” అనేవాడు. అయ్యేసరికి బయల్దేరే వేళయ్యేది. రోజూ సాయంత్రం ఫోను చేసినా ఇదే తంతు. మూడో తరగతి పిల్లకి నాన్న అంటే వారానికోసారి ఇంటికే వచ్చే పరీక్ష.

అలాగని ఎలీయాజరుది రాతిగుండె అనుకుంటే పొరపాటే. అతని తండ్రి శామ్యూల్ పెదపాడు చేలల్లో కూలికి వెళ్లేవాడు. మాట పొదుపు మనిషి. కొడుకు ఉన్నాడో లేడో కూడా పట్టనట్టుండేవాడు. ఎలీయాజరు చిన్నప్పుడు ఓ క్రిస్మస్ కార్యక్రమంలో పొడుగాటి కీర్తనొకటి తడుముకోకుండా చెప్తే చర్చి చర్చంతా చప్పట్లు కొట్టింది. శామ్యూల్ లేచొచ్చి కొడుకు తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కోసం ఆ తర్వాత ఎలీయాజరు దొరికిందల్లా ముక్కున పట్టి తండ్రికి అప్పజెప్పేవాడు. ఆయన చుట్ట కాల్చుకుంటూ విని, “ఊఁ” అనేవాడు. అంతే. నీకేం కావాలిరా, నీకు దేనికి భయంరా అని ఆయన ఎన్నడూ అడగలేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది, కొన్నాళ్లకి తండ్రీ పోయాడు. ఇప్పటికీ ఆ చుట్ట వాసన ఎక్కడైనా తగిలితే ఎలీయాజరుకి ఏదో ఒకటి అప్పజెప్పాలనిపిస్తుంది. ప్రేమకి ఇంకో దారి ఉందని అతనికెవరు చెప్పారు గనక?

ఆ ఏడాది బడిలో తల్లిదండ్రుల సమావేశానికి, “ఒక్కసారైనా మీరు రండి. ఎప్పుడూ నేనేనా?” అని జెస్సీ పట్టుబట్టింది. ఎలీయాజరు ఎలీషాని బతిమాలుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. నిజం చెప్పాలంటే కూతురి ర్యాంకు వినడానికే వెళ్లాడు.

టీచరు ఉమాకుమారి మేడమ్‌గారు కొత్త ప్రోగ్రెస్ కార్డులు పంచారు. ఎలీయాజరు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ర్యాంకు లేదు. మార్కుల మొత్తం కూడా లేదు. ర్యాంకు లేని కార్డు ఉప్పు లేని పులుసులా అనిపించింది అతనికి.

“మేడమ్‌గారూ, మా పాప ఫస్టో సెకండో ఎక్కడ రాశారండీ?”

“అది లేదండి ఇప్పుడు” అన్నారావిడ నవ్వి. “ఇదివరకు ఎన్ని మార్కులొచ్చాయో చెప్పి పంపేసేవాళ్లమండి. ఇప్పుడు పిల్లకి ఏం చేతనవునో చూడమంటున్నారు. పాఠం అప్పజెప్తే చాలదండి. ఎప్పుడూ చూడని నాలుగు ముక్కలు చదివి, అందులో ఏవుందో తన మాటల్లో చెప్పగలగాలి. బొమ్మ చూపిస్తే కథ అల్లగలగాలి. ఎందుకు, ఎలాగ అని అడగాలి. ఇందులో సగం పని మీదేనండి. మీరు పాఠాలు చెప్పక్కర్లేదు. రోజూ పిల్లతో కాసేపు కబుర్లాడండి. మీరో ప్రశ్న అడగండి, తననీ ఓ ప్రశ్న అడగనివ్వండి.”

కబుర్లు చెప్పడం కూడా చదువేనా అని వెనక ఎవరో గొణిగారు. ఎలీయాజరుకీ అదే అనుమానం.

“పోనీ, ఇక్కడే చూద్దురుగాని” అని మేడమ్‌గారు తలా ఒక బొమ్మ ఇచ్చారు. చెరువు, పడవ, రెండు పక్షులు. దాని గురించి పిల్లల్ని మాట్లాడించాలి. పక్కన వెంకటలక్ష్మి కూతురు లాస్య అప్పుడే అందుకుంది. పడవలో వాళ్లు మేనత్త ఇంటికి వెళ్తున్నారట, పక్షి వాళ్ల పులిహోర ఎత్తుకుపోయిందట. వెంకటలక్ష్మి నవ్వలేక చస్తోంది.

ఎలీయాజరు బొమ్మ కూతురి ముందు పెట్టి, “ఏదీ తల్లీ” అన్నాడు.

అలవాటైన మాట. జాయ్సీ చటుక్కున లేచి చేతులు కట్టుకుంది. ఏడో ఎక్కం మొదలుపెట్టింది.

“అది కాదమ్మా. బొమ్మ, బొమ్మ.”

జాయ్సీ బొమ్మ వంక చూడలేదు. తండ్రి మొహంలోకి చూసింది.

“ఏది చెప్పాలి నాన్నా? నాకు ఇది రాదు.”

ఆ తర్వాత బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయింది. అందరూ చూస్తున్నారు. ఎలీయాజరు బొమ్మ వెనక్కి తీసుకున్నాడు. మాటలు రాని పిల్ల అయిపోయింది, నా వల్లే అయిపోయింది అనుకున్నాడు.

పిల్లల్ని ఆటలకి వదిలేశాక అతను తల వంచుకుని మేడమ్‌గారి దగ్గరికి వెళ్లాడు. “మా అమ్మాయికి మాటలు తక్కువండి. క్లాసులో కూడా ఇంతేనాండీ?”

“జాయ్సీకా?” ఆవిడ ఆశ్చర్యపోయారు. “అది నోరు మూస్తే కదండీ! బొమ్మ చూపిస్తే చాలు, మీ మకాం కథే. మీ మంచం పక్కన ఓ పెద్ద తెల్ల పక్షి పడుకుంటుందటగా? రాత్రి మీకు నిద్ర వస్తే అది చెరువు చూస్తుందట. మీరు లేచాక దాన్ని పడుకోమంటారట. క్లాసంతా ఆ పక్షి కోసం చెవులు కోసుకుంటుందండీ. మీకు చెప్పలేదూ?”

చెప్పలేదు. ఎలీయాజరు చేతిలో ఉన్న బొమ్మ వంక చూశాడు. తను వారమంతా దేనికోసం కొట్టుకులాడుతున్నాడో అది ఉంది. లేకపోలేదు. క్లాసులో అందరికీ రోజూ దొరుకుతోంది, తనకి తప్ప. ఉమాకుమారి మేడమ్‌గారంటే జీవితంలో మొదటిసారి అసూయ పుట్టింది.

మర్నాటి నుంచి ఫోనులో కబుర్లు మొదలుపెట్టాడు. “ఇవాళ ఏం చేశావమ్మా?” “బడికెళ్లా.” “బళ్లో ఏం చేశావు?” “చదువుకున్నా.” కాసేపాగి, “అప్పజెప్పనా నాన్నా?” అని తనే అడిగేది. వద్దంటే, “కోపం వచ్చిందా?” అనేది. పక్షి సంగతి అడుగుదామని నోటి చివరిదాకా వచ్చేది. అడిగితే అదీ చేతులు కట్టుకుని అప్పజెప్తుందేమోనని భయం.

“ఇన్నాళ్లూ ఎక్కాలు అడిగి, ఇప్పుడు ఒక్కసారిగా కబుర్లు పెట్టమంటే పిల్లేం చేస్తుందండీ?” అంది జెస్సీ. “మనిషి అలవాటవ్వాలి కదా. ఓసారి చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. అదెప్పుడూ చూడలేదు.”

ఆ ఆదివారం ప్రార్థన కాగానే జాయ్సీని బండి ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆ పిల్ల నోరు విప్పలేదు. మకాం దగ్గర దిగగానే గదిలోకి పరిగెత్తింది. మంచం పక్కన చూసింది, కిందికి వంగి చూసింది, తవుడు బస్తాల వెనక చూసింది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏం వెతుకుతోందో అతనికి తెలుసు.

సరిగ్గా అప్పుడే చెరువు మీద గూడబాతులు వాలాయి. ఎన్నో ఏళ్ల అలవాటు, చెయ్యి ఆగలేదు. గోడకి వేలాడుతున్న నూనె డబ్బా అందుకుని దబదబా బాదాడు. పక్షులంటే అతనికి చెరువు దొంగలు. అవి బెదిరి లేచిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే జాయ్సీ కళ్లనిండా నీళ్లు.

“పక్షుల్ని కొట్టేస్తావా నాన్నా?”

“కొట్టనమ్మా. ఊరికే బెదిరిస్తా. అవి చేపలు తినేస్తాయి కదా.”

“మరి రాత్రి నీ దగ్గర ఎవరుంటారు?”

ఇన్నేళ్లలో అతనెలా ఉంటున్నాడని కూతురు అడిగిన మొదటి ప్రశ్న అది. ఎలీయాజరు డబ్బా కింద పెట్టాడు. ఎలీషా ఉంటాడని చెప్పొచ్చు. ప్రభువు ఉంటాడని చెప్పొచ్చు. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల అడిగింది అది కాదు.

“ఎవరూ ఉండరమ్మా” అన్నాడు. “నాకు నువ్వే గుర్తొస్తూ ఉంటావు. బెంగగా ఉంటుంది.”

మేత సంచి కట్టడానికి అతను పడవలో వెళ్తే జాయ్సీ పక్కన ఒదిగి కూర్చుంది, తాడు పట్టుకోమంటే పట్టుకుంది. ఇంటి దగ్గర దింపినప్పుడు కూడా వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్లిపోయింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది అనుకున్నాడు ఎలీయాజరు. పాపం, దానికున్న ఒక్క పక్షినీ తనే డబ్బా కొట్టి తోలేశాడు. ఇక క్లాసులో ఏం చెప్తుంది?

మర్నాడు సాయంత్రం ఫోను చెయ్యడానికి చెయ్యి రాలేదు. మేత సంచులు పడవలోకి ఎత్తుతుంటే ఫోనే మోగింది. జెస్సీ నంబరు. ఎత్తితే అటు నుంచి చిన్న గొంతు. అతను పిలవకుండా ఆ గొంతు అతన్ని పిలవడం అదే మొదలు.

“నాన్నా, పక్షి వచ్చిందా?”

ఎలీయాజరు గట్టు మీద కూర్చుండిపోయాడు. చెరువు అవతల గూడబాతులు మళ్లీ వాలుతున్నాయి. డబ్బా గోడకే ఉంది.

“ఇంకా రాలేదు తల్లీ. అదెలా ఉంటుందో నాకు తెలీదుగా. నువ్వు చెప్పు, వస్తే గుర్తుపడతా.”

‘అప్పజెప్పనా’ అంటుందేమోనని అతను ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు.

“తెల్లగా ఉంటుంది నాన్నా” అంది జాయ్సీ. “చేపలు తినదు, అన్నమే తింటుంది. దానికి చీకటంటే భయం, అందుకే నీ దగ్గరికొస్తుంది. నువ్వు డబ్బా కొట్టకు, నెమ్మదిగా పిలు...”

మేత సంచులు పడవలోనే ఉన్నాయి. ఎలీయాజరు “ఊఁ” అనబోయి ఆగాడు. ఆ ఊఁ ఎంత ఖాళీగా ఉంటుందో అతనికి తెలుసు.

“ఏమని పిలవనమ్మా?” అని అడిగాడు.