మూడో గోదాము

ఈ సాయంత్రం పక్కింటావిడ ప్రహరీ గోడ మీద చల్ల చెంబు పెట్టి, నేను దొడ్లోనే ఉన్నానని తెలిసీ పిలవకుండా లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయట, పరుగెత్తింది. తరువాత తనే వచ్చి చెప్పి నవ్వింది. కానీ ఆమె వచ్చి చెప్పేదాకా నేను ఆ చెంబును ముట్టుకోలేదు. ఆరేళ్ల కిందట పాలమూరులో, ఇలాంటి గోడ మీదే, ఇలాంటి చెంబే, ఒక పొద్దున ఒక్క మాట లేకుండా వచ్చి కూర్చుంది. మా ఇంటి మీదికి ఏదో రాబోతున్నదని నాకు మొదట తోచింది ఆ క్షణంలోనే. పిల్లలిద్దరూ నిద్రపోయారు. నాకు నిద్ర రాదని తెలిసి కాగితాలు ముందేసుకున్నాను.

అప్పుడు మేము ఆముదాల సేటు ఇంటి వెనక భాగంలో కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఇంట్లో గోడలకూ బట్టలకూ కూడా ఆముదపు గింజల వాసనే. మా అమ్మాయిని బళ్లో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు, ‘ఆముదం పిల్ల’ అనేవారు. సేటు భార్య రోజూ పొద్దున గోడ మీదుగా చల్ల ఇచ్చేది. ఉత్త చల్ల ఎన్నడూ ఇవ్వలేదు. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఏ కోడలు పుట్టింటికి పోయిందో, అన్నీ చెప్పాకే చెంబు వదిలేది. అలాంటి మనిషి ఆ రోజు చెంబు పెట్టి, కొంగు సర్దుకుని, తల తిప్పుకుని వెళ్లిపోయింది. నేను ముందు పిల్లలనే అనుమానించాను. నాలుగేళ్ల మా అబ్బాయిని నిలబెట్టి అడిగితే, బస్తాకు పుల్లతో చిల్లి పెట్టింది తనేనన్నాడు, సేటు చెప్పు బావిలో వేసింది తనేనన్నాడు, నాకు అంతవరకు తెలియని మరో రెండు పనులు కూడా ఒప్పుకున్నాడు. వాటిలో ఏదీ ఆమె మౌనానికి సరిపోలేదు. మధ్యాహ్నానికి బావి గిలక మీద చేంతాడు కనబడలేదు, మేము నీళ్లు తోడుకోకూడదని ఎవరో తీసేశారు. అప్పుడు సేటునూ, ఆయన భార్యనూ, చివరికి చాకలి మనిషినీ కూడా అనుమానించాను. నేను అనుమానించకుండా మిగిలింది నన్నొక్కదాన్నే.

మా ఆయన కాలేజీలో కామర్సు చెప్పేవారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ ఏడాది యూనివర్సిటీ బి.కాం. చదువును కొత్తగా దిద్దాలని తలపెట్టింది. అంతవరకు కాలేజీ పిల్లలు చేసే లెక్కలన్నీ లండను వర్తకుడివే. ఆ వర్తకుడు ఉన్నిబట్టలు ఓడకెక్కించేవాడు, ఓడ మునిగేది, బీమా ఎంత వస్తుందో పౌన్లలోనూ షిల్లింగుల్లోనూ మనం చెప్పాలి. సముద్రం చూడని పాలమూరు కుర్రవాళ్లు సముద్రంలో మునిగిన సరుకుకు పరిహారం కట్టేవారు గానీ, సొంత ఇంటి దుకాణం పుస్తకం తెరిస్తే తెల్లమొహం వేసేవారు. ఈ సంగతే మా ఆయన ఎప్పుడో ఒక ఉత్తరంలో రాస్తే, ఇప్పుడు యూనివర్సిటీ కమిటీవారు ఒక పేపరుకు పాఠక్రమం రాసి పంపమన్నారు. దానితోపాటు ఈ ప్రాంతపు వ్యాపారం నుంచే పది నమూనా లెక్కలు కూడా కావాలన్నారు. అవి నచ్చితే ఉద్యోగం ఖాయమవుతుందని ప్రిన్సిపాలుగారు చెప్పారు. మా ఆయన సంతలూ మిల్లులూ తిరిగి తొమ్మిది లెక్కలు తయారు చేశారు. హైదరాబాదులో ఇంటరు చదివిన దాన్నిగదా, సాఫు రాయడం నా పని. పదోది కుదరడం లేదు. గడువు దగ్గరికొచ్చింది.

సేటుకు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునే అలవాటు. అంతకు ముందొకసారి ఆయన పాన్ నములుతూ, “సారూ, ఆత్మకూర్ల మా దోస్తు ఒకాయనున్నడు” అని మొదలుపెట్టాడు. “మూడు గోదాములున్నయి. పుస్తకంల రెండిట్ల మాలే రాసిండు. మూడోదాన్ని గట్లనే ఇడిస్తె లాభం ఎంత తక్కువ కానొస్తది? జర చూసి చెప్పుండ్రి.” మూడు గోదాముల్లోనూ ఎన్నెన్ని బస్తాలున్నాయో తడుముకోకుండా చెప్పాడు. మా ఆయన ఉత్సాహంగా పెన్సిలు తీశారు. తలుపు వెనక బియ్యంలో రాళ్లు ఏరుతూ నేను విన్నాను. దోస్తు కోసం ఎవరూ అన్నిసార్లు నుదురు తుడుచుకోరు. ఆత్మకూరులో ఉన్నది దోస్తు కాదనీ, సేటుదే ఒక గోదామనీ నాకు అప్పుడే తోచింది. దుకాణంలో ఆయన తమ్ముడికి సగం వాటా ఉందని ఊరందరికీ తెలుసు; లాభం తక్కువ కనబడితే ఆ వాటా కూడా తగ్గుతుంది. కానీ మా ఆయనతో అనలేదు. అంటే, నీకు అందరి మీదా అనుమానమేనని నవ్వుతారు.

పదో లెక్క కోసం ఆయన తల పట్టుకుని కూర్చున్న రోజున నేనే అన్నాను: “సేటు దోస్తు లెక్క ఉన్నది కదండీ.” ఆ వారమే సేటు మా పిల్లలను ముందు వాకిట్లో ఆడనివ్వనన్నాడు. ఆ కోపం నాలో ఉంది. సేటు గడుసుదనం ఒక పాఠ్యపుస్తకంలోకి ఎక్కితే చూసి నవ్వుకోవాలనిపించింది. మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. మర్యాద కోసం ఆత్మకూరును హాలియా అనే వేరే ఊరు చేశారు, ఆముదాలను పల్లికాయ చేశారు. బస్తాల సంఖ్య కూడా మార్చరాదా అన్నాను. “మారిస్తే జవాబు అందంగా రాదు” అన్నారు. నేను మళ్లీ అడగలేదు.

పంపేముందు ఆ లెక్కను తరగతిలో చేయించి చూశారు. ఆ తరగతిలో సేటు తమ్ముడు కూడా ఉన్నాడు. పెళ్లయి, ఒక బిడ్డ తండ్రయి, పట్టుబట్టి బి.కాం. చదువుతున్నవాడు. దీపావళికి కొత్త ఖాతా పుస్తకాలు తెరిచేముందు దుకాణం గోదాములు రెండింట్లోనూ బస్తాలు లెక్కపెట్టింది అతనే. ఆ రెండు అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. మూడో అంకె అతనికి నల్లబల్ల మీద దొరికింది. ఊరు పేరు దాచవచ్చు, మనిషి పేరు దాచవచ్చు. జవాబు సరిగ్గా కావాలంటే సరుకు సరిగ్గా చెప్పాలి. సేటు పుట్టు వ్యాపారి. బస్తాల దగ్గర తప్పు అంకె ఆయన నోట రాదు.

ఇదంతా మాకు చల్ల చెంబు వచ్చిన మూడో రోజు సాయంత్రం తెలిసింది. అన్నదమ్ములిద్దరూ కలిసే వచ్చారు.

“సారూ, నా ఇంట్ల ఉండుకుంట నన్ను నా తమ్మునికి పట్టిస్తవా?” అన్నాడు సేటు.

“ఉత్త మాటలు! అన్నకు దొంగలెక్క నేర్పింది గీ సారే” అన్నాడు తమ్ముడు. “లేకుంటె ఇంత తక్కువ కిరాయికి ఇల్లెందుకిస్తడు?”

మా ఆయన నిజంగానే అర్థం కాక, “అది మీ ఆత్మకూరు దోస్తు లెక్క కదా సేటూ?” అన్నారు.

“అవునన్నా, గా దోస్తు పేరేందో చెప్పు. నేను గూడ దోస్తాన చేస్త” అన్నాడు తమ్ముడు.

సేటు నోట్లో పాన్ ఆగిపోయింది. ఇంకోనాడైతే నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. ఆ తరువాత ఇద్దరి కోపమూ మా వైపే తిరిగింది. “ఎల్లుండికి ఇల్లు ఖాళీ చెయ్యాలె” అన్నాడు సేటు. “యూనివర్సిటీకి గూడ రాస్త. ఇండ్లల్ల గుట్టు తీస్కపోయి బోర్డు మీద రాసేటోడు మీ సారని రాస్త.”

“తప్పు నాదే. ఆ లెక్క నేనే ఎంచుకున్నాను. తీసేస్తాను” అన్నారు మా ఆయన. తలుపు వైపు చూడను కూడా చూడలేదు. నేను ఆ తలుపు వెనకే ఉన్నాను. బయటికి రాలేదు. వాళ్లు వెళ్లాక మా అమ్మాయి నా కుచ్చెళ్లు పట్టుకుని, “నాయిన చోరీ చేసిండా అమ్మా?” అని అడిగింది. పడుకొమ్మన్నాను.

సేటు రాశాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం ఖాయమైంది గానీ రెండేళ్లు ఆలస్యంగా. ఆ రెండేళ్లూ టపా మనిషి గుమ్మం దగ్గర ఆగితే నేనే ముందు పరుగెత్తి ఉత్తరం అందుకునేదాన్ని. కొత్త పాఠక్రమం అచ్చయి వచ్చింది. మా తొమ్మిది లెక్కలూ అందులో ఉన్నాయి. పదో చోట లండను వర్తకుడే మళ్లీ ఉన్నిబట్టలు ఓడకెక్కించాడు.

సేటు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున, మా ఆయన అవతల పుస్తకాలకు తాడు కడుతుంటే, నేను పిల్లలిద్దరికీ సద్దన్నం కలిపి పెడుతూ చెప్పాను. “బిడ్డా, నాయిన చోరీ చెయ్యలే. సేటు చెప్పిన లెక్కను పుస్తకంల పెట్టుమన్నది నేను. అది సేటుదేనని నాకు ఎరుకనే, నాయినకు ఎరుక లేదు. ఎవలన్న అడిగితె మా అమ్మ చేసిందని చెప్పుండ్రి.” అవతల తాడు చప్పుడు ఆగింది. అబ్బాయి బండెప్పుడొస్తుందని అడిగాడు. అమ్మాయి నన్నొకసారి చూసి, ముద్ద మింగి, ఇంకో ముద్దకు చెయ్యి చాపింది. అప్పుడు దానికి ఏడేళ్లు. ఇప్పుడు పదమూడు. ఆనాడు అన్నంతోపాటు మింగిన మాటను అది ఏ వయసులో నెమరు వేసుకుంటుందో, అప్పుడు నన్నెలా చూస్తుందోనని, అది ఒక్కో ఏడు పెరిగినప్పుడల్లా ఎదురుచూస్తున్నాను.