నాన్న కూర్చునేదాకా నిలబడ్డ ఎంపీ

నిన్న పొద్దున షెడ్డులో కొబ్బరికాయలు వలుస్తున్నాను. ఫోన్ మోగింది.

"లాయరు గారు పోయేర్రా" అన్నాడు నాన్న. కట్ చేసేశాడు.

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ముత్యాలరావు గారు. అమలాపురం కోర్టులో ప్లీడరు, తర్వాత మా ఎంపీ.

ఈరోజు ఆయన ఫొటోకి దండాలు పెడుతూ స్టేటస్‌లు పెడుతున్న పెద్దమనుషులు అప్పట్లో ఆయనతో ఏమన్నారో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న సూరయ్య కొబ్బరి దింపు కార్మికుడు. తొంభైల్లో ఉప్పలగుప్తం దగ్గర ఒక రైతు తోటలో నీళ్ల మోటారు పోయింది. ఆ వారం అక్కడ చెట్లెక్కింది నాన్నే.

ఇంకేముంది, దొంగ నాన్నే. పోలీసు కేసు.

లాయరు గారి ఆఫీసుకెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆయన కుర్చీలోంచి లేచారు.

"కూర్చోండి సూరయ్య గారూ."

"పర్లేదండి బాబూ."

"అయితే నేనూ నిలబడే వింటానండి."

ఇద్దరూ అలాగే నిలబడ్డారట. గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడట. చివరికి నాన్నే కూర్చున్నాడు. నల్లకోటాయన ముందు కూర్చోవడం జీవితంలో అదే ఫస్ట్ టైమ్.

కోర్టులో ఆయన అరవలేదు. ఒక మెకానిక్‌ని సాక్షిగా తెచ్చారు. ఆ మోటారు తనకి అమ్మింది రైతు కొడుకేనని అతను చెప్పాడు.

కేసు కొట్టేశారు. సారీ మాత్రం ఎవడూ చెప్పలేదు.

కొన్నేళ్లకి ఆయనకి ఎంపీ టికెట్ వచ్చింది. నామినేషన్‌కి ప్రపోజర్ కావాలి, అంటే ఆయన పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు. పార్టీ వాళ్లు పెద్ద రైతుల లిస్టు తెచ్చారు. ఆయన నాన్న పేరు చెప్పారు.

నాన్నది వేలిముద్ర. వేలిముద్ర అయితే మనిషి స్వయంగా ఆఫీసరు ముందుకి రావాలి. ఎందుకండీ ఈ గొడవ, సంతకం వచ్చినవాణ్ణి పెట్టండి అన్నారట ఆ పెద్దమనుషులు.

"ఆయన ఆ గదిలోకి రావాలనే కదండీ నేనడిగింది" అన్నారట లాయరు గారు.

ఆఫీసరు ఎదురుగా ఒకటే కుర్చీ. క్యాండిడేట్‌కి.

ఆయన దాన్ని లాగి నాన్నని కూర్చోబెట్టారు. తను పక్కన నిలబడ్డారు. వెనకాల తెల్లచొక్కాలన్నీ నిలబడ్డాయి. అందులో ఆ మోటారు రైతు కూడా ఉన్నాడు.

నాన్న కూర్చుని వేలిముద్ర వేశాడు.

గెలిచాం!

ఊరేగింపు లారీ మా పేటలోకి తిరిగింది. అంతకుముందు ఏ ఎంపీ లారీ ఆ మలుపు తిరగలేదు. చెట్టు మీంచి పడిపోయిన మావాళ్ల గురించి ఢిల్లీలో, పార్లమెంటులో నిలబడి మాట్లాడిన మనిషి ఆయన. ఇంటికొస్తే మళ్లీ అదే రూలు. వచ్చినవాళ్లు కూర్చున్నాకే ఆయన కూర్చునేవారు.

నిన్న సాయంత్రం దాకా నాన్న ఆయన పక్కనే ఉన్నాడు. మోకాళ్లు పోయిన మనిషి. మూడుసార్లు కుర్చీ తెచ్చాను. కూర్చోలేదు.

"ఆయన లేవలేరు కదరా. ఈసారి నేను నిలబడతాను."

లాయరు గారూ, మావాళ్లకి కుర్చీ వెయ్యని ఆఫీసులు ఇంకా చాలా ఉన్నాయి.

వాటి సంగతి మేం చూసుకుంటామండి.

ఇక మీరు కూర్చోండి. ప్రశాంతంగా.