జానెడు వైరు

పులివెందులలోని ఆ ఇంట్లో స్విచ్‌బోర్డు మూత విప్పగానే మోటారు వార్నిష్ వాసన ముక్కుకు తగిలింది. ఇళ్ల గోడల్లో ఆ వాసన ఉండదు. మూత వెనక జానెడు వైరు చుట్ట చుట్టి, మోటారు కాయిళ్లకు కట్టే నూలుదారంతో ముడేసి, పైన వార్నిష్ పూసి ఉంది. ఆ ముడి దస్తగిరమ్మది. ఆమె పోయి రెండు వేసవులు దాటాయి. స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా నోరు మూయించాలంటే ప్లాస్టరు వేయాలని ఊరంతా అంటుంది. ఆ పూట దానంతట అదే మూతపడింది.

దస్తగిరమ్మకు ప్రొద్దుటూరులో మోటారు వైండింగ్ అంగడి ఉండేది. భర్త పోయాక ఆయన పీట మీదే కూర్చుని చాపాడు వైపు నుంచి వచ్చే బోరు మోటార్లు చుట్టేది, ఇళ్ల వైరింగూ ఒప్పుకునేది. నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి, తర్వాత పట్టిన ప్రతి పనికీ దండం పెట్టి, పెళ్లయ్యాక ఆమె దగ్గర చేరాను. మొదటిరోజే, "అక్కా, కూలి తక్కువైనా పర్వాల్యా, షాకు తక్కువ కొట్టాల" అన్నాను. ఆమె తలెత్తకుండానే, "నీ నోరు కరెంటు లేకున్నా తిరుగుతాంటాదిరా. దాన్ని రోంతసేపు ఆపు, పని నేర్చుకుందువు" అంది.

జమ్మలమడుగులో ఒక కొత్తింటికి వైరింగు చేశాం. బోర్డుల వెనక వైర్లన్నీ సరిగ్గా కొలిచి కత్తిరించి, దువ్విన జడలా సర్దాను. మెచ్చుకుంటుందని మూతలు బిగించకుండా ఉంచాను. ఆమె ఒక వైరు పట్టుకుని లాగింది. రాలేదు.

"ఏందిరా ఇది?"

"నీటుగా ఉండాది కదక్కా, పెండ్లికొడుక్కి క్రాపు చేసినట్టు."

"రేపు దీని కొన కాలితే ఏం పట్టుకోని కలపాల? వచ్చేవాడు గోడ పగలగొట్టాల్నా?"

"వచ్చేది మనమే కదా?"

"మనమే వస్తామని యాడ రాసుండాది?"

అన్నీ పీకించి మళ్లీ లాగించింది. ప్రతి బోర్డు వెనకా జానెడు మిగులు పెట్టించింది. మూత బిగిస్తే ఎవరికీ కనబడని పనికి ఇంత పంతమేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఈ పులివెందుల ఇంటికి వచ్చాం. ఇంటి పెద్ద ఓబుళరెడ్డి, సింహాద్రిపురం దగ్గర చీనీతోటలు, అవే బత్తాయి తోటలు, చేయించిన మనిషి. నడుము దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. కొడుకు ఆయన గదిలో ఫ్యానూ లైట్లూ సెల్‌ఫోన్‌తో నడిచేలా పెట్టించాడు. మంచంలో ఉండే అన్నీ నడుపుకునేవాడు. అంతలో అవి అమ్మిన కంపెనీ మూతపడింది. ఎక్కడో ఉన్న వాళ్ల కంప్యూటరు పలికితేనే ఇక్కడ ఫోను మాట ఫ్యాను వినేదట. ఇక మిగిలింది గుమ్మం పక్కన గోడకున్న అద్దం పలక. తాకితే ఒక రోజు పలికేది, ఒక రోజు అలిగేది. దాని సామాను దొరకదు. మేం వెళ్లేసరికి పెద్దాయన చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. గట్టు మీద నుంచి ఒక్క కేకతో తోటంతటినీ పిలిచిన ఆ గొంతు, ఫ్యాను కోసం కోడల్ని పిలవలేకపోయింది.

"ఇదంతా పీకేయక్కా. గుమ్మం పక్కన మామూలు స్విచ్చిలు పెట్టు. మేమే వేస్తాం, మేమే ఆర్పుతాం" అన్నాడు కొడుకు. ప్రేమగానే అన్నాడు. పెద్దాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

దస్తగిరమ్మ గుమ్మం వైపు చూడలేదు. మంచం దగ్గరికి వెళ్లి, "అన్నా, నీ చెయ్యి యాడికందుతాది?" అని అడిగింది.

ఆయన చెయ్యి చాచాడు. మంచం పట్టె దాకా వచ్చింది. అక్కడ ఆమె సుద్దముక్కతో గీత గీసింది. మెట్ల లైటును కింద నుంచైనా పై నుంచైనా వేసి ఆర్పినట్టు, గుమ్మం దగ్గర ఒక స్విచ్చి, గీత దగ్గర ఒక స్విచ్చి. ఏ అంగట్లోనైనా దొరికేవి, ఎవరైనా విప్పగలిగేవి.

"ఇంతోటి దానికి కంపెనీ ఎందుకక్కా?" అని నవ్వాను.

"ఎగతాళి చేయొద్దురా. వాళ్లు చేసింది శానా మంచి పని. ఫ్యానును ఆయన చేతికిచ్చిరి. ఇప్పుకునేదానికి ఒక స్క్రూ పెట్టకపాయిరి, అంతే."

పెద్దాయన స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ఆర్పాడు, మళ్లీ వేశాడు. తర్వాత పాత గొంతుతో, "ఇంగ అందురూ బయటికి పోండి. నేను పండుకోవాల" అన్నాడు. అందరం పోయాం. దస్తగిరమ్మ అంత తృప్తిగా గెంటించుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మంచం స్విచ్చి పని చేయడం లేదని పిలిచారు. గుమ్మం దగ్గరి బోర్డులో వైరు కొన దాదాపు జానెడు కాలింది. కాలిన ముక్క కత్తిరించి, ఆమె మిగిల్చిన చుట్ట విప్పి కలిపాను. గోడ మీద దెబ్బ పడలేదు.

"ఆయమ్మ రాలేదేమప్పా?" అన్నాడు పెద్దాయన.

"లేదు పెద్దాయనా. పోయింది."

ఆయన చెయ్యి మంచం పట్టె మీద నెమ్మదిగా పాకి స్విచ్చిని వెతుక్కుంది. ఫ్యాను తిరిగింది.

మూత బిగించబోయి ఆగాను. మిగులు అయిపోయింది. పైపులోంచి పాత వైరు తీసి కొత్తది లాగి, మళ్లీ జానెడు వదిలాను. ఆమె దారంతోనే కట్టబోతే, అది గట్టిపడి చేతిలోనే విరిగింది. నా సంచిలో ఎప్పుడూ ఉండే నూలుఉండలోంచి కొత్త దారం తీసి ముడేశాను. ఈ మూత మళ్లీ విప్పేది నేనే అని ఎక్కడా రాసి లేదు.