జానమ్మ బర్రె పాలు ఎవరు తాగారు

మా జానమ్మ పెద్దమ్మ దేవుణ్ని నమ్మేది. దేవుడి పేరు చెప్పి సంచి పట్టుకొచ్చేవాళ్లను మాత్రం నమ్మేది కాదు. ఆలేరు చర్చిలో ఆదివారం కానుకల సంచి తన ముందుకు రాగానే, "గీ పైసలు ఏడికి పోతయి పాస్టరయ్యా?" అని అందరికీ వినబడేలా అడిగేది. దీపాల నూనెకమ్మా అని ఆయన అంటే, మరుసటి ఆదివారం పైసలు తెచ్చేది కాదు, సీసాలో నూనె తెచ్చేది. ఆ సీసా ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే దీపంలో పోసి, వత్తి అంటుకునేదాకా అక్కడే నిలబడేది. పాస్టరు భార్యకు ఒళ్లు మండిపోయేది. మండితే మండనీ, పెద్దమ్మ లెక్క చేస్తేనా!

నేను ఆమె చెల్లెలి కొడుకును. పేరు భిక్షపతి. ఆలేరు స్టేషన్లో మూటలు మోసేవాణ్ని. పెద్దమ్మ బేరం కూడా ఆ స్టేషన్లోనే. ఆమెకు రెండు బర్రెలు. ఊళ్లో పెద్దకులాల ఇళ్లలో మా చేతి పాలు ముట్టరు కాబట్టి గార్డులకు, డ్రైవర్లకు, బండి ఆగినప్పుడు దిగే ప్రయాణికులకు పోసేది. పైసలు ముందు చేతిలో పడాలి, ఆ తర్వాతే చెంబు వంగేది. ఒకసారి నాకే పోస్తూ చెయ్యి ఆపి, "పైస ఏదిరా?" అంది. సొంత చెల్లెలి కొడుకుని కదా పెద్దమ్మా అంటే, "అందుకే అడుగుతున్న" అంది. ఇంత అనుమానం మనిషికి పనికిరాదని ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను. చెవిన వేసుకుంటే ఆమె జానమ్మ ఎందుకవుతుంది?

ఒక్కణ్ని మాత్రం అనుమానించేది కాదు. వాడు ఆమె కొడుకు ఇస్రాయేలు.

పెదనాయిన పట్టాల మరమ్మతు పనిలో ఉండి చనిపోయేనాటికి వాడు చిన్నవాడు. పాలమ్మి వాణ్ని మిషన్ బడిలో చదివించింది. బర్రె దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు. వాడు సరదాకి పొదుగు మీద చెయ్యి వేసినా ఊరుకునేది కాదు. "పలక పట్టే చెయ్యిరా అది. గీ పని నాతోనే ఖతం కావాలె" అనేది. వాడికి చదువు ఎంత వచ్చో నాకు తెలియదు గానీ, పరుగు మాత్రం చూశాను. బండి స్టేషన్ వదలగానే కట్ట పక్కన దానితో పాటు ఉరికేవాడు. బండి వేగం అందుకునేదాకా వాడే ముందుండేవాడు. డ్రైవర్లు తలలు బయటపెట్టి కేకలు వేసేవాళ్లు. ఆ పరుగు చూసే పట్నంలో ఒక కాలేజీవాళ్లు వాడికి హాస్టల్లో జాగా ఇచ్చారు. ఆ కాలేజీ పేరు చెప్పను. చెప్పి ఎవరిని ఉద్ధరించాలి?

అవి పెద్ద యుద్ధం రోజులు. పట్టాల మీద సిపాయిల బళ్లు పోయేవి, అంగట్లో గింజలు దొరికేవి కావు. మొదటి ఏడాది సెలవుల్లో ఇస్రాయేలు ఇంటికి వచ్చి, పందెంలో ఉరుకుతూ ఉరుకుతూ కళ్లు తిరిగి పడిపోయానని చెప్పాడు. పరుగు పందెం పిల్లలకు కూడా అందరితో పాటు పలచని అంబలి, రెండు జొన్నరొట్టెలేనట. ఆ మాట పెద్దమ్మ విన్నది. మూడో రోజు, రెంటిలోనూ మంచిదాన్ని, నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్కబర్రెను, దూడతో సహా కాలేజీకి ఇచ్చేస్తున్నానని చెప్పింది.

"నీకు పిచ్చిగిట్ల లేసిందా పెద్దమ్మా? కానుకల సంచిని నమ్మనిదానివి, బర్రెను ఎట్ల నమ్మి ఇస్తవు?" అన్నాను.

"గాడ నా కొడుకు కండ్లు ఉన్నయి కదరా" అంది.

తెలిసిన గార్డును బతిమాలి గూడ్సు బండిలో బర్రెను ఎక్కించాం. కాలేజీలో దాని మెడలో బంతిపూల దండ వేశారు. ప్రిన్సిపాల్ ఉర్దూలో ఏదో మాట్లాడాడు, అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ చప్పట్లు ఆగేదాకా ఆగి, హాస్టల్ వార్డెన్ రఘుపతిరావు ముందుకు పోయి నిలబడింది. "సారూ, గీ పాలు పరుగు పిల్లలకే. ఇంకెవ్వరికీ కాదు. మాట ఇయ్యుండ్రి" అంది. ఆయన నవ్వి, "ఫికర్ చెయ్యకమ్మా, ఒక్క చుక్క బయటకి పోదు" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమెకూ నచ్చలేదని ముఖం చెబుతూనే ఉంది. అయినా కొడుకు వైపు ఒకసారి చూసుకుని బండెక్కింది.

క్రిస్మస్‌కు ఇస్రాయేలు వచ్చాడు. దూడ చచ్చిపోయిందన్నాడు. అంతకు మించి బర్రె ముచ్చట ఎత్తలేదు. పెద్దమ్మే అడిగింది, "పాలు తాగుతున్నవా బిడ్డా?" అని. "తాగుతున్న" అన్నాడు. ఆమె ఇంట్లో మిగిలిన బర్రె పాలు కాచి చెంబు నిండా ఇచ్చింది. వాడు వేడి కూడా చూసుకోకుండా గటగటా తాగేసి, చెంబు అడుగున వేలు పెట్టి మీగడ తీసి నాకాడు. ఆమె చూస్తూ ఉండిపోయింది.

వాడు తిరిగి పోయాక నన్ను పిలిచింది. "రోజూ పాలు తాగేటోడు గట్ల తాగుతడారా? మన ఆలేరు స్టేషన్ల ఆకలిగొన్నోళ్లను ఎంతమందిని చూడలే! ఆ వార్డెన్ నా కొడుకు నోటికాడిది గుంజుకుంటుండు. వీడు భయపడి చెప్తలేడు. నడువు, పోదాం."

చెప్పకుండా పోయాం. తెల్లవారకముందే దిగి, నడిచి కాలేజీ చేరేసరికి మంచు ఇంకా విడవలేదు. మైదానంలో పిల్లలు ఉరుకుతున్నారు. పెద్దమ్మ కొంగు తల మీదికి లాక్కుని, దగ్గరికి వచ్చిన ఒక్కొక్కణ్నీ తేరిపార చూసింది. అందులో ఇస్రాయేలు లేడు. "నిద్ర లేవనట్టుంది" అన్నాను. ఆమె హాస్టల్ వైపు నడిచింది.

హాస్టల్ వెనక పాకలో బర్రె ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. పెద్దమ్మ దాని గంగడోలు నిమురుతుండగానే వార్డెన్ శాలువా కప్పుకుని వచ్చాడు. మమ్మల్ని చూసి ఒక క్షణం తడబడ్డాడు. వెంటనే ముఖాన ఆ పాత నవ్వు తెచ్చుకున్నాడు.

"అరె, జానమ్మా! కబురు పెట్టకుండ వచ్చినవ్?"

"కబురు పెడితే కండ్లతోని చూసేదేముంటది సారూ? నా కొడుకేడి?"

"గ్రౌండ్‌ల ఉరుకుతుండు."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఇక ఆమె అనుమానానికి కాళ్లొచ్చాయి.

"పాలు ఎవరు పిండుతరు?" అని అడిగింది.

"మా చప్రాసీ. ఓ మల్లప్పా! ఇటు రా, పాలు పిండు. అమ్మకు చూపెట్టు" అని వార్డెన్ కేకేశాడు.

మల్లప్ప అనే ఆ ముసలాయన కళ్లు నలుపుకుంటూ బకెట్ తెచ్చి బర్రె పక్కన కూర్చున్నాడు. వేళ్లు పొదుగుకు తగిలాయో లేదో, బర్రె ఒక్క తన్ను తన్నింది. బకెట్ దొర్లుకుంటూ పోయింది. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తన్నింది. "ఇయ్యాల ఎందుకో బెదిరింది" అని వార్డెన్ నీళ్లు నమిలాడు.

బర్రెల సంగతి తెలిసిన ఇంట్లో ఎవరినైనా అడగండి. దూడ ఉంటే దూడ మూతి తగలగానే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు వదులుతుంది. దూడ పోయిన బర్రె అట్లా కాదు. రోజూ పిండే చెయ్యి ఏదో ఆ ఒక్క చేతికే చేపుతుంది. కొత్తవాళ్లు గింజుకున్నా పాలు పైకి బిగబట్టుకుంటుంది. మల్లప్ప ఆ బర్రెను రోజూ పిండేవాడు కాదని నాకే తెలిసిపోయింది, పెద్దమ్మకు తెలియదా?

"లెవ్వు తాతా" అని ఆమె తానే కూర్చుంది. తన చేతుల్లో పెరిగిన బర్రె! నాలుగు సార్లు ఈనితే నాలుగు సార్లూ తానే పిండింది. "సుక్కా, నా తల్లీ" అంటూ పొదుగు కడిగింది, నిమిరింది, బతిమాలింది. బర్రె తన్నలేదు గానీ చేపనూ లేదు. మెడ తిప్పి ఆమెను ఒకసారి చూసి, మళ్లీ గడ్డి వైపు తల వంచింది. పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను మరిచినవా?" అంది. ఆమె గొంతు అట్లా పలకడం పెదనాయిన పోయిన రోజు తర్వాత అప్పుడే విన్నాను.

అప్పుడే బర్రె చెవులు నిక్కబొడిచింది. గొంతెత్తి ఒక్క అరుపు అరిచింది. ఎవరూ ముట్టకుండానే పొదుగు నుంచి పాలు ధారలుగా నేల మీద కారసాగాయి.

అటు తిరిగి చూశాం. వార్డెన్ ఇంటి పెరటి తలుపు తీసుకుని, ఒక చేతిలో తోమిన ఇత్తడి బిందె, మరో చేతిలో తవుడు గంప పట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ ఇస్రాయేలు వస్తున్నాడు. తల్లిని చూసి కొయ్యబారిపోయాడు. గంప చేతిలోంచి జారింది.

పాలు ఇంకా కారుతున్నాయి. పెద్దమ్మ లేచి పోయి వాడి కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూసింది. కణుపు మీద కాయ కాసి ఉంది. పాలు పిండీ పిండీ కాసిన అట్లాంటి కాయే ఆమె వేలికీ ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"దూడ సచ్చినకాంచి. మల్లప్ప తాతకు చేపలే. నువ్వు పిండు అన్నడు సారు. లేకపోతే హాస్టల్ల జాగా పోతదన్నడు."

"పాలు?"

వాడు వార్డెన్ ఇంటి వైపు చూశాడు.

"మరి పరుగు?"

"పొద్దుగాల గ్రౌండ్‌కు పోయే యాళ్లకే పాలు పిండాలె అమ్మా. రోజూ పోకపోతే పరుగు పిల్లలల్లకెల్లి నా పేరు తీసేసిండ్రు."

అదీ సంగతి. కొడుకు ఉరకాలని ఇచ్చిన బర్రె కొడుకు పరుగునే మింగేసింది. మమ్మల్ని గడప తొక్కనియ్యని ఇంట్లోకి మావాడు పిండిన పాలు మాత్రం బిందెలకు బిందెలు పోయాయి. నాకు ఆ శాలువా పట్టి గుంజాలనిపించింది. నిజం చెబుతున్నా, చెయ్యి లేచింది కూడా. పెద్దమ్మ నన్ను ఆపింది.

"చెంబెడు అబద్ధం నాకు తాపినవ్ కదరా" అంది కొడుకుతో. తిట్టలేదు. తిడితే బాగుండేది. వాడు భోరుమని ఏడ్చాడు.

తర్వాత ఆమె మైదానం వైపు తిరిగి, స్టేషన్లో బండి మోతను మించి అరిచే గొంతుతో అరిచింది. "పరుగు పిల్లలూ! మీ పాలు వచ్చినయి, రాండ్రి! గిలాసలు తెచ్చుకోండ్రి!" పిల్లలు అర్థం కాక ఒకరినొకరు చూసుకుని, చెమటలతోనే గుంపుగా వచ్చారు. ఇస్రాయేలును కూర్చోబెట్టి పిండించింది. తానే పోసింది. వార్డెన్ అక్కడే నిలబడి ఉన్నాడు. అంతమంది పిల్లల ముందు అవి నా పాలు అని ఎట్లా అంటాడు? "మంచిదే, మంచిదే" అన్నాడు. "రేపటి సంగతి నేను చూసుకుంట జానమ్మా, నువ్వింక పోయిరా."

"రేపు గూడ నేనే చూసుకుంట సారూ" అని పెద్దమ్మ ఆ పాకలోనే గడ్డి మీద కూర్చుంది.

కూర్చున్నది లేస్తేనా! ఇంటి బర్రెను నాకు అప్పజెప్పి పట్నంలోనే ఉండిపోయింది. వార్డెన్ గడ్డి ఆపించాడు. ఆమె మైదానం చుట్టూ కోసుకొచ్చి వేసింది. పాక ఖాళీ చెయ్యమన్నాడు. పరుగు పిల్లలంతా ప్రిన్సిపాల్ దగ్గరికి పోతే మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇస్రాయేలు పక్కన కూర్చుని, వాడి చెయ్యి మీద తన చెయ్యి వేసి పిండుతూ పిండుతూ, చివరికి బర్రెను మళ్లీ తన చేతికి అలవాటు చేసుకుంది. ఆ రోజు వాణ్ని పాకలోంచి గెంటి, "పో, ఉరుకు" అంది. వాడి పేరు మళ్లీ రాసుకున్నారు. పెద్ద పందేలేమీ గెలవలేదు. పోయిన కాలం కాళ్లలోకి తిరిగి రాలేదని వాడే అనేవాడు.

నేను అప్పుడప్పుడు చూడబోయేవాణ్ని. పొద్దున్నే పిల్లలు వరసగా నిలబడేవాళ్లు. పెద్దమ్మ ఒక్కొక్కరికీ పోసి, "గీడనే తాగు" అనేది. తాగి నవ్వుకుంటూ పోయేవాళ్లు. వాళ్ల గ్లాసుల వైపు ఆమె మళ్లీ చూసేది కాదు.

ఇస్రాయేలు వంతు వచ్చినప్పుడు మాత్రం చెంబు కింద పెట్టి చూస్తూ ఉండేది. వాడు తాగి, ఆమె అడగకముందే గ్లాసు బోర్లించి చూపించేవాడు. ఆమె గ్లాసు చూసేది. తర్వాత వాడి మూతి చూసేది. అప్పుడు గానీ "ఇగ పో బిడ్డా" అనేది కాదు.