ఏడు పట్టీల చెలక

ఎండాకాలం మొదలుకాంగనే మానుకోటల మా బిడ్డ ఇంటెనుక గల్లీలో ఆడోళ్లు వరుసగా కూసుండి చింతకాయ కొడుతుంటరు. రాతి మీద సుత్తె దెబ్బకు గింజలు ఎగిరి గోడకు తాకుతుంటయి, ఆ పుల్లటి వాసన కిటికీలకెల్లి వచ్చి నా మంచం చుట్టే తిరుగుతది. ఎవరికైనా ఆ వాసనకు నోట్లె నీళ్లూరుతయి. నేను లేచి కిటికీ మూస్త. రఘునాథపల్లి దిక్కు మా ఊళ్లె, గడిలో దొర పట్నం పారిపోయిన ఏడు, మేము లెక్కలు నేర్చుకున్నది చింతగింజలతోనే.

అంతకుముందు ఊరి బయటి మా వాడ పిల్లలకు బడి అంటే ఏందో తెల్వదు. పొద్దున లేస్తే దొర పేడకళ్లు ఎత్తుడు, దూడల వెంట పోవుడు, చల్లటి జొన్న గట్కల ఉల్లిగడ్డ నంజుకోని మళ్ల దూడల వెంట పోవుడు. వెట్టి బందైనంక, దొరల మీద కొట్లాడే సంగం పంపితే జనగామ నుంచి రాజయ్య సారు వచ్చిండు. మగ్గం నేసే సాలోళ్ల పిలగాడు, సన్నగా, మీసం కూడా సరిగ్గ రాలేదు. ఆయన చదివిందంతా ఉర్దూలనే అయినా, దొర పశువుల కొట్టాన్ని ఊడ్పించి, గోడలకు సున్నమేయించి, మాకు తెలుగుల బడి పెట్టిండు. వానాకాలం ఆ కొట్టంలో తడిసిన గడ్డి వాసన, ఎంత కడిగినా పోని పేడ వాసన, సారు భుజం మీది తువ్వాల నుంచి వచ్చే గంజి వాసన కలిసి ఉండేవి.

సారు గింజలను వరుసలు పేర్పించేది. ఆరు గింజలు రెండు వరుసలైనా అయితయి, మూడైనా అయితయి. ఏడు గింజలను రెండు వరుసలు పేర్చినా, మూడు పేర్చినా ఒకటి మిగులుతది, లేకుంటే అన్నీ ఒకటే బారుగా నిలబడుతయి. "గిసుంటియి మొండంకెలు. రెండు, మూడు, అయిదు, ఏడు... వీటిని పలగ్గొట్టలేం. తక్కిన అంకెలన్నీ వీటిని గుణిస్తే వచ్చినయే" అని చెప్పేది. మా అక్క బుచ్చమ్మకు ఆ మాట పిచ్చి తీరుగ పట్టుకున్నది. నాకంటే నాలుగేండ్లు పెద్దది, ఈడు పిల్లలు గచ్చకాయలాడుతుంటే ఇది అంకెలను పలగ్గొట్టుకుంట కూసునేది. కలుపు తీసుకుంటనే నేను "అరవై" అంటే, తల ఎత్తకుండ "రెండు, రెండు, మూడు, అయిదు" అనేది.

ఆ ఏడు తంగేడు, గునుగు విరగబూసినయి. వాగొడ్డుకున్న దొర మెట్ట చెలకను భూమి లేనోళ్లకు పంచాలని సంగం నిర్ణయించింది. మా వాడలో ముప్పై ఆరిండ్లు, ఊరి నడుమ పేదోళ్లవి నలబై ఎనిమిది, కలిపితే ఎనబై నాలుగు. కొట్టం ముందట అందరు కూడిండ్రు గని, ఎట్ల కొలవాలో తెగలేదు.

"ఎనబై నాలుగు ముక్కలు తాడుతోటి ఎట్ల కొలుస్తం సారూ? ఒకని గెట్టు ఒకని మీదికొస్తది, తన్నుకసస్తం" అన్నడు మా నాయిన.

సారు నవ్వి, బొగ్గుముక్క అక్క చేతుల పెట్టిండు. "బుచ్చమ్మా, నువ్వు చెయ్యి."

అక్క సున్నపు గోడ మీద ముప్పై ఆరు రాసి, గీత గీసి, కింద ఎనబై నాలుగు రాసింది. పైదాన్ని రెండు, రెండు, మూడు, మూడుగా పలగ్గొట్టింది. కిందిదాన్ని రెండు, రెండు, మూడు, ఏడుగా పలగ్గొట్టింది. మీద ఉన్నదే కింద కూడా ఉంటే రెంటినీ కొట్టేసుకుంట పోయింది. చివరికి మీద మూడు, కింద ఏడు మిగిలినయి. "చెలకను ఏడు పట్టీలు చెయ్యండ్రి. మూడు మా వాడకు, నాలుగు ఊళ్లెకు" అన్నది.

"కొట్టేసినయి ఏడ పోయినయే?" అని మమ్ముల గన్న అవ్వ అనుమానంగా అడిగింది.

"యాడికీ పోలేదవ్వా. రెండు రెండ్లు, ఒక మూడు, గుణిస్తే పన్నెండు. ఒక్కో పట్టీకి పన్నెండిండ్లు."

పెద్దోళ్లు తాళ్లు పట్టుకోని పోయి ఏడు పట్టీలు కొలిచి గెట్లు పెట్టిండ్రు, ఒక్కో పట్టీల పన్నెండిండ్లోళ్లు కలిసి జొన్న అలికిండ్రు. ఆ సద్దుల బతుకమ్మనాడు మా వాడ ఆడోళ్లు, ఊరి ఆడోళ్లు మొదటిసారి ఒకటే వలయంగ తిరిగిండ్రు. రొట్టె బెల్లం కలిపి ముద్ద చేసిన మలీదను ఒకరిది ఒకరు తిన్నరు. అంత మెత్తటి మలీద నేను మళ్ల తినలేదు.

జొన్న పాలకంకి మీదున్నప్పుడు దొర పోలీసులతోటి తిరిగొచ్చిండు. గడిలో క్యాంపు పడ్డది. నిలబడ్డ పంట మీదనే నాగళ్లు తోలి గెట్లన్నీ చెడగొట్టిండ్రు. మమ్ముల కొట్టం ముందర నిలబెట్టి జమేదారు గోడ మీది లెక్క చూపెట్టి అడిగిండు: "భాగాలు పెట్టిందెవడు? ఈ రాత ఎవనిది?"

అవ్వ మా అక్క మణికట్టును గాజులు పలిగేదాక ఒత్తి పట్టుకున్నది. ఎనుక నుంచి రాజయ్య సారు ముందుకొచ్చి "నాదే" అన్నడు. జమేదారు నమ్మలే. పక్కనే మళ్ల రాయమన్నడు. సారు బొగ్గు తీసుకోని మీద మూడు, కింద ఏడు రాసిండు. అదే వంపు, కొసకు కొంచెం పైకి లేపిన అదే తోక. అక్కకు చెయ్యి పట్టి దిద్దించింది ఆయనే గదా, రెండు రాతలు ఎట్ల వేరైతయి? అక్క ఏదో చెప్పబోయింది. అవ్వ అరచెయ్యి దాని నోటికి అడ్డం పెట్టింది. సారు చేతులను ఆయన తువ్వాలతోనే ఎనుకకు విరిచి కట్టిండ్రు. పోతూ పోతూ, రోజూ బడి ఇడిసిపెట్టేటప్పటి గొంతుతోనే "పొద్దుగూకుతున్నది, ఇండ్లకు పోండ్రి పిల్లలూ" అన్నడు.

కొన్నాళ్లకు జనగామ నుంచి ఆయన తల్లి వచ్చింది. క్యాంపులో అడిగితే వేరే తావుకు పంపినమన్నరట. ఏ తావో చెప్పలే. ఆమె కొట్టం కాడికొచ్చి గోడను తడిమి, "ఇందుల నా కొడుకు రాసింది ఏదే బిడ్డా?" అని అడిగింది. అక్క ఆమె చెయ్యి పట్టుకోని సారు రాసిన అంకెల మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది మా అక్క, అన్నాళ్లకు. మరుసటి వారం క్యాంపోళ్లు ఆ గోడకు సున్నమేసిండ్రు. సారు మళ్ల రాలేదు. ఏమైండో ఎవరికీ తెలువలేదు.

అక్కను బొగ్గుబాయిల దిక్కు ఇచ్చిండ్రు. బావ బాయి పనికి పోయిండు, క్వార్టర్లలోనే దాని బతుకంతా గడిచింది. ఎక్కడ సంతకం అడిగినా వేలిముద్రే వేసేది. "నీకు రాయొస్తది గదనే అక్కా?" అని ఒకసారి అడిగిన. అది చాటలో బియ్యం ఏరుకుంటనే, "వచ్చిన రాతకే ఒక మనిషి పాయె. ఇగ సాలు" అన్నది.

పోయినేడు అక్క దవాఖానల పడ్డది. పేరు రాసుకోవడానికొచ్చిన నర్సు పిల్ల "పెద్దవ్వ ఏమన్న సదివిందా?" అంటే, అక్క కండ్లు మూసుకోనే ఏం లేదన్నట్టు చెయ్యి ఊపింది. "సదివింది బిడ్డా, దానికి లెక్కలొస్తయి" అని నేనన్న. ముసలోళ్ల ముచ్చట అనుకున్నదేమో, నవ్వి పక్క మంచం దిక్కు పోయింది. ఆ వారంలనే అక్క పోయింది.

దినాలైనంక మా ఊరికి పోయిన. కొట్టం లేదు, అక్కడ ట్రాక్టర్లు నిలబెట్టే రేకుల షెడ్డున్నది. చెలక చుట్టు తీగె కంచె వేసిండ్రు, లోపల ఒక్క గెట్టు లేదు, అంతా ఒకటే పత్తి. వాడలో సగమిండ్లకు తాళాలున్నయి. చాయ దుకాణం ముందర కూసున్న పోరగాండ్లను, ఇక్కడ బడి పెట్టిన రాజయ్య సారు గురించి ఎన్నడన్న విన్నరా బిడ్డా అని అడిగిన.

"ఏ రాజయ్య అవ్వా? ఊళ్లె నలుగురున్నరు" అన్నడొకడు.

బస్సు వచ్చేదాక అక్కడ్నే నిలబడ్డ.