మేనత్త చేసిన సబ్బు సీసా

అప్పట్లో యలహంకలోని మా ఇంటికి వచ్చినవాళ్లు సింకు దగ్గరున్న గాజు సీసాను మెచ్చుకునేవారు. కాఫీపొడి సీసా మూతకు మేకుతో బెజ్జం చేసి, షాంపూ డబ్బా పంపు బిగించి, సబ్బునీళ్లు పోసింది మాతో ఉండే మేనత్త.

ఎవరి ఆలోచనని అడిగితే, "మావానిదేనప్పా. వానికి శుభ్రం జాస్తి" అని నవ్వేది. నేనూ కాదనలేదు.

నిజం ఇది. ఆమె చేతుల మీద బొల్లి మచ్చలుండేవి. ఒక పొద్దున, "నీ సబ్బు వేరే పెట్టుకో అత్తా" అన్నాను. సబ్బును ఎవరూ ముట్టుకునే పని లేకుండా మర్నాటికి ఆ సీసా తయారైంది. నొక్కిన ప్రతిసారీ తన వేలు తగిలిన చోటును కొంగుతో తుడిచేది.

బొల్లి అంటుకోదని నాకు అప్పటికే తెలుసు. ఆ మచ్చలు చూడలేక అన్నాను. "తుడవొద్దు అత్తా" అని మాత్రం ఆమె పోయేదాకా ఒక్కసారీ అనలేదు.